మాదాపూర్ చేరిన పాత బేస్ గిటార్లు

'గీతాంజలి' (1989) పాటల్లో ఇళయరాజా వాడిన బేస్ గిటార్‌ను మనమంతా విన్నాం, పేరు తెలియకుండానే. 1951లో అమెరికాలో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చాడు. నిలువెత్తు డబుల్ బేస్‌కు లేని మెట్లు, మన వీణకున్నట్టు, దీనికి అమర్చాడు. స్వరం కచ్చితంగా పలుకుతుందనే ఆ పేరు. 1965లో కంపెనీ సీబీఎస్ చేతికి పోయింది. అంతకుముందు చేసినవాటికే నేటికీ గిరాకీ.

1991కి ముందు దిగుమతి ఆంక్షలతో ఇలాంటివి ఇక్కడ దొరకడమే గగనం. 1998లో సైబర్ టవర్స్ తెరుచుకున్నాక, అమెరికా వెళ్లొచ్చే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లకు అందుబాటులోకొచ్చాయి.

మాదాపూర్‌లో ఉండే మన బ్యాచ్ మిత్రుడొకడు పాతది కొని, ముచ్చటపడి రంగు గీకించి కొత్తది వేయించాడు. ధర పడిపోయింది, మళ్లీ లేవలేదు. పికప్‌లు మార్చినా ఫర్వాలేదు, పాతవాటిని మరలతో సహా డబ్బాలో దాచాలి. అమ్మేనాడు కొనేవాడు మొదట అడిగేది ఆ డబ్బానే.