నలభై రీళ్ల వాన

ముప్పై ఏళ్లు సినిమాని నేను గంటల్లో కొలవలేదు, రీళ్లలో కొలిచాను. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. తెర కుడి పైమూలలో గుండ్రటి చుక్క మెరిస్తే రెండో ప్రొజెక్టర్ మోటారు వెయ్యాలి, రెండో చుక్కకి బొమ్మ మార్చాలి. ఈలోగా ప్రొజెక్టర్‌లో వెలుగునిచ్చే కార్బన్ పుల్లలు అరిగినకొద్దీ దగ్గరికి జరుపుతూ ఉండాలి.

పొడుగు సినిమా మనకు కొత్తేం కాదు. 1977 సంక్రాంతికి వచ్చిన ‘దానవీరశూరకర్ణ’ దాదాపు నాలుగు గంటలు. కాకపోతే అందులో ప్రతి అడుగులోనూ డైలాగో పద్యమో పలుకుతూనే ఉంటుంది. నన్ను పట్టుకున్న నిడివి వేరు.

సెకండ్ షో ఆలస్యమైతే ఒక రీలు లేపెయ్యమనేవారు మా యజమాని. పాట లేపితే కుర్చీలు విరుగుతాయి, ఫైటు లేపితే గేటు విరుగుతుంది. అందుకని ఏమీ జరగని రీలు చూసి తీసేవాణ్ణి. ఒకసారి అలా తీసిన రీల్లో ఒక తల్లి కొడుక్కి అన్నం పెట్టి, వాడు తిన్నంతసేపూ ఎదురుగా కూర్చుంటుంది. ఆ రాత్రి హాల్లో ఎవరూ అరవలేదు, ఎవరికీ లోటు తెలియలేదు. నాకు మాత్రం ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

ఆ కత్తెర చాలా పాతది. 1924లో హాలీవుడ్‌లో ఎరిక్ వాన్ స్ట్రోహైమ్ ‘గ్రీడ్’ సినిమాని నలభైకి పైగా రీళ్లతో కూర్చాడు. కంపెనీ దాన్ని పది రీళ్లకు తెగ్గొట్టి విడుదల చేసింది. తీసేసిన భాగం ఇవాళ ఎక్కడా దొరకదు. ఆ తర్వాత యాభై ఏళ్లకి, 1975లో, షాంటల్ అకెర్‌మాన్ అనే బెల్జియం అమ్మాయి, పాతికేళ్లయినా నిండకుండానే, ‘జాన్ దీల్‌మాన్’ తీసింది. 201 నిమిషాలు. ఒక గృహిణి బంగాళాదుంపల చెక్కు తీస్తుంది, గిన్నెలు తోముతుంది, పక్క సర్దుతుంది. మేం లేపేసే రీళ్లనే ఆమె సినిమా చేసింది!

ఇవన్నీ నాకు రిటైరయ్యాకే తెలిశాయి. ఫిల్మ్ సొసైటీ కుర్రాళ్లు ఒక ఆదివారం పొద్దున్నే పిలిచి కూర్చోబెట్టారు. హంగరీ దర్శకుడు బేలా తార్ 1994లో తీసిన ‘సాతాన్‌టాంగో’. ఏడు గంటల పైచిలుకు, మధ్యలో రెండు ఇంటర్వెళ్లు, పులిహోర పొట్లాలు. ఫిల్ముగా చుడితే నలభై రీళ్లు, దాదాపు పన్నెండు కిలోమీటర్లు. లాస్లో క్రాస్నహోర్కై 1985లో రాసిన నవల దీనికి మూలం. ఆయనకే 2025లో నోబెల్ వచ్చింది.

మొదటి షాట్లో బురద, పాడుబడ్డ పశువుల కొట్టం, అందులోంచి తీరిగ్గా బయటికొచ్చే ఆవులు. కెమెరా వాటి పక్కనే గోడల వెంట జరుగుతూ పోతుంది. నిమిషాలు గడుస్తున్నాయి, కట్ లేదు. కెమెరాలోనూ పట్టేది వెయ్యి అడుగుల ఫిల్మే కదా, ఎక్కడిదాకా లాగుతాడా అని లోపల లెక్క మొదలైంది. కాసేపటికి ఆ లెక్క దానంతటదే ఆగిపోయింది. గోడమీద చెమ్మ కనిపించింది. ఒక ఆవు వెనకబడటం కనిపించింది.

ఆ తర్వాత వాన. ఎస్తికె అనే చిన్నపిల్ల తడుస్తూ వచ్చి, సారా దుకాణం కిటికీలోంచి లోపల పెద్దవాళ్లు తాగి చిందులెయ్యడం చూస్తుంది. తెల్లారేసరికి ఎలకల మందు మింగి చచ్చిపోతుంది. తర్వాతి అధ్యాయంలో కథ మళ్లీ ఆ రాత్రికే, ఈసారి దుకాణం లోపలికి వెళుతుంది. అదే అకార్డియన్ పాట, అవే కాళ్లు, ఎంతకీ ఆగని ఆట. కిటికీ అవతల ఆ పిల్ల ఉందని మనకు తెలుసు. వాళ్లకు తెలియదు. రెండు నిమిషాల్లో తేల్చేస్తే అది కథలో మలుపు అయ్యేది. పది నిమిషాలు కూర్చోబెట్టేసరికి, లేచి వెళ్లి ఆ తలుపు తియ్యాలనిపించింది నాకు. అన్నం పెట్టే తల్లి రీలు ఆ క్షణంలోనే గుర్తొచ్చింది.

చివర్లో, కిటికీ దగ్గర కూర్చుని ఊరి సంగతులన్నీ రాసుకునే ముసలి డాక్టరు ఆ కిటికీకే చెక్కలు కొడతాడు. ఒక్కో చెక్కకీ కొంత వెలుతురు పోతుంది. ఆఖరిది కొట్టగానే తెర మొత్తం నల్లబడింది. పాత అలవాటు, కార్బన్ ఆరిపోయిందనుకుని నా కుడిచెయ్యి లేచింది. ఆ చీకట్లో ఆయన గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.