చెప్పడానికి మిగిలినవాడు

మేడ్చల్ దాటి నాగ్‌పూర్ హైవే మీద పైకి పోతే తూప్రాన్, ఆ పైన మాసాయిపేట. 2014 జులై 24, పొద్దున తొమ్మిది గంటల వేళ. తూప్రాన్ బడికి పిల్లల్ని తీసుకెళ్తున్న బస్సు కాపలా లేని రైల్వే గేటు దగ్గర పట్టాలెక్కింది. నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజర్ గుద్దేసింది. 14 మందికి పైగా పసివాళ్లు పోయారు. డ్రైవర్ ఫోన్ మాట్లాడుతున్నాడని బతికిన పిల్లలు చెప్పినట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. అసలేం జరిగిందో చెప్పాల్సిన డ్రైవరూ అక్కడే చనిపోయాడు.

అలాంటి తప్పే చేసి, చెప్పడానికి మిగిలినవాడు రెజీ షా.

అమెరికాలోని యూటా రాష్ట్రం, 2006 సెప్టెంబర్ 22. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. వాన. 19 ఏళ్ల రెజీ పనికి బయల్దేరాడు. దారిలో స్నేహితురాలితో మెసేజ్‌లు నడుస్తున్నాయి. బండి పసుపు గీత దాటి ఎదురు కారుకు రాసుకుంది. ఆ కారు గిర్రున తిరిగి, రెజీ వెనక వస్తున్న ట్రక్కుకు అడ్డం పడింది. కారులోని ఇద్దరు శాస్త్రవేత్తలూ అక్కడికక్కడే ప్రాణాలు వదిలారు.

నీళ్ల మీద బండి జారిందన్నాడు రెజీ. కానీ అతన్ని ఆసుపత్రికి తీసుకెళ్లిన పోలీసు అధికారి, పక్కన కూర్చుని అతను ఫోన్ నొక్కుతూనే ఉండటం గమనించాడు. అనుమానంతో ఫోన్ రికార్డులు తీయించారు. ప్రమాదం జరిగిన సమయంలోనే మెసేజ్‌లు! అయినా రెజీ రెండేళ్లకు పైగా ఒప్పుకోలేదు. ఈ కథంతటిలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఆ రెండేళ్లే. కావాలని చంపనివాడికి తాను చంపానన్న మాట నోట రావడం అంత కష్టం. ఆ మాట రాకుండా అతను ఎవరికి ఏ జాగ్రత్త చెప్పినా అది నీతిబోధే అయ్యేది.

2009లో యూటా చట్టసభ కమిటీ ముందు నిలబడి, ఏడుస్తూ చెప్పేశాడు. డ్రైవింగ్‌లో మెసేజ్‌లను నిషేధించే బిల్లు ఆ ఏడాదే చట్టమైంది. కోర్టు 30 రోజుల జైలు, 200 గంటల సమాజ సేవ వేసింది. ఆ గంటలు పూర్తయ్యాక కూడా అతను బడుల్లో పిల్లలకు చెప్పడం మానలేదు. 2013లో వెర్నర్ హెర్జాగ్ తీసిన డాక్యుమెంటరీలోనూ తన తప్పు తానే చెప్పుకున్నాడు.

మన దగ్గర? 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత సమాజ సేవను శిక్షల్లో చేర్చింది. కొన్ని చిన్న నేరాలకే. నిర్లక్ష్యంతో ప్రాణం తీసినవారికి 106వ సెక్షన్ కింద ఉన్నవి జైలు, జరిమానాలే. జైలు తగ్గించమని నేననను. దానికి తోడు రెజీలా తన తప్పు తానే నలుగురికీ చెప్పే పని కూడా ఉండాలి, అదీ పోయినవారి ఇంటివాళ్లు సరేనంటేనే. షామీర్‌పేట నల్సార్‌లో న్యాయశాస్త్రం చదివేవాళ్లు ఈ లోటు మీద పని చేయాలి. జూన్‌లో బడులు తెరిచే ముందు మేడ్చల్, షామీర్‌పేట స్కూలు బస్సుల డ్రైవర్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, అలాంటి తప్పు చేసిన మనిషి చేత ఒక గంట మాట్లాడించాలి.