నూలు శాస్త్రజ్ఞుల కృషికి కొలబద్ద

నూలు బలాన్ని కొలిచే యంత్రాలు చాలకాలంగా ఉన్నవి. ఆ నూలును పరిశోధించే శాస్త్రజ్ఞుని కృషికి కొలత ఏది అన్న ప్రశ్న మాత్రం మొన్న మొన్నటిది. షోలాపురంలోను, బొంబాయిలోను, కోయంబత్తూరులోను తరతరాలుగా పడుగు పేకలను నమ్ముకొన్న తెలుగు కుటుంబాలకు ఈ కథ పరాయిది కాదని మా తలంపు.

1927లో గ్రాస్ అను ఇంటిపేరుగల ఇద్దరు అమెరికా రచయితలు, కళాశాల గ్రంథాలయానికి ఏ రసాయన పత్రికలు తెప్పించవలెనో తేల్చుటకై, ఒక ప్రసిద్ధ పత్రికలోని వ్యాసాలు ఏయే పత్రికలను ఉదహరించినవో లెక్కబెట్టారు. 1964లో యూజీన్ గార్ఫీల్డ్ ‘సైన్స్ సైటేషన్ ఇండెక్స్’ వెలువరించారు. అది పూర్వ వ్యాసాలను వెదకుటకు పుట్టిన సాధనం. మనుష్యులను తూచే త్రాసుగా మారినది తరువాతనే. 2005లో హిర్ష్ అను భౌతిక శాస్త్రజ్ఞుడు హెచ్ సూచికను ప్రతిపాదించారు. ఒకరి వ్యాసాలలో 20 వ్యాసాలు ఒక్కొక్కటి కనీసం 20 సార్లు ఉదహరింపబడితే ఆయన సూచిక 20.

ఇక నూలు సంగతి. మాంచెస్టరులోని షర్లీ పరిశోధనాలయంలో పనిచేసిన ఎఫ్. టి. పియర్స్ 1926లో ఒక వ్యాసం ప్రకటించారు. దారం తన అతి బలహీనమైన చోటనే తెగుతుంది. పొడవు పెరిగిన కొద్దీ అట్టి చోటు తగిలే అవకాశమూ పెరుగుతుంది. ఇది మన నేతగాండ్రకు చేతివ్రేళ్లకు తెలిసిన సత్యమే! పియర్స్ దానిని సంభావ్యతా గణితంలో నిలబెట్టారు. 1937లో పడుగు పేకలు ఒకదానిపై ఒకటి వంగే తీరును రేఖాగణితంగా వివరించారు. నేటికీ బట్ట నిర్మాణాన్ని లెక్కించేవారు దానిని తలచక ముందుకు పోరు.

అయితే రెండే మహత్తర వ్యాసాలు వ్రాసినవాడు వేయిసార్లు ఉదహరింపబడినా హెచ్ సూచికలో 2 దాటడు. పత్రికల ప్రభావ సూచికయో, గడచిన రెండేండ్ల వ్యాసాలకే లెక్క కడుతుంది. మిల్లులో పరీక్షించి నిగ్గు తేల్చవలసిన విద్యకు రెండేండ్లు ఏ మూలకు?

మన దేశంలో 1924లో బొంబాయి మాటుంగాలో పత్తి సాంకేతిక పరిశోధనశాల ఏర్పడింది. ఏ పత్తి ఎంత సన్నని నూలుకు పనికివచ్చునో అక్కడ వడికి చూచేవారు. 1947లో అహమ్మదాబాదులో అటిరా, 1956లో కోయంబత్తూరులో సిట్రా వెలసినవి. నాయుళ్లు స్థాపించిన మిల్లులెన్నో ఉన్న ఊరిలో సిట్రా విలువను వేరే చెప్పనక్కరలేదు. మిల్లుల పనితీరును పోల్చి అది ప్రమాణాలు నిర్ణయించింది. వాటిని చదివి పోగు తెగుట తగ్గించుకొన్న మేస్త్రీ ఎక్కడా అధస్సూచిక వ్రాయడు. ఆ మేలు ఏ సూచికకూ ఎక్కదు.

ఈ శాఖలో ఉద్యోగానికి పోయే మన పిల్లలను ముందుగా అడిగేది ఈ అంకెలనే. పత్రిక అంకెనుబట్టి శాస్త్రజ్ఞుని నిర్ణయించరాదని 2012లో శాన్ ఫ్రాన్సిస్కోలో కొందరు సంపాదకులు, ప్రచురణకర్తలు కలిసి ఒక ప్రకటన రూపొందించారు. నాటినుండి దానిపై సంతకం చేసిన సంస్థలు వేలకు చేరినవి.