బాక్సింగ్: తొండి దెబ్బను రెఫరీ ఆపకపోతే ఏమవుతుంది?

2012 ఆగస్టు, లండన్ ఒలింపిక్స్. వెల్టర్ వెయిట్ విభాగంలో భారత బాక్సర్ వికాస్ క్రిషన్ 13-11 తేడాతో అమెరికా బాక్సర్ ఎరల్ స్పెన్స్‌పై గెలిచినట్లు ప్రకటించారు. కొన్ని గంటల్లోనే ఆ ఫలితం తారుమారైంది.

అమెరికా జట్టు ఫిర్యాదు మేరకు అధికారులు వీడియోను పరిశీలించారు. ఒక్క మూడో రౌండ్‌లోనే వికాస్ తొమ్మిదిసార్లు ప్రత్యర్థిని పట్టుకుని నిలువరించారని, రెండో రౌండ్‌లో నోటిలోని గమ్‌షీల్డ్‌ను కావాలనే ఉమ్మేశారని తేల్చారు. రెఫరీ నిబంధనల ప్రకారం హెచ్చరించి ఉంటే స్పెన్స్‌కు కనీసం నాలుగు పాయింట్లు అదనంగా దక్కేవని చెబుతూ, 15-13తో ఆయన్ను విజేతగా ప్రకటించారు.

ఒలింపిక్స్‌లో సాధ్యమైన ఈ దిద్దుబాటు ప్రొఫెషనల్ బాక్సింగ్‌లో చాలా అరుదు. అక్కడ రెఫరీ ఆ క్షణంలో తీసుకున్న నిర్ణయమే దాదాపుగా అంతిమం.

ఏవి తొండి దెబ్బలు?

నడుము పట్టీ కింద కొట్టడం, తలతో ఢీకొట్టడం, మోచేతితో పొడవడం, ఒక చేత్తో పట్టుకుని మరో చేత్తో కొట్టడం, కింద పడినవారిని గానీ గంట మోగాక గానీ కొట్టడం నిషిద్ధం. మెడ వెనుక, తల వెనుక భాగాన కొట్టే ‘రాబిట్ పంచ్’ వీటిలో అత్యంత ప్రమాదకరమైనది. మెదడు కాండం, వెన్నుపాము మొదలయ్యే చోటు అక్కడే ఉండటం అందుకు కారణం.

ప్రొఫెషనల్ పోటీలో రింగు పక్కన కూర్చునే ముగ్గురు జడ్జీలు పాయింట్లు వేస్తారు. రెఫరీ సాధారణంగా పాయింట్లు వేయరు. కానీ హెచ్చరించడం, పాయింట్లు కోయడం, అనర్హులుగా ప్రకటించడం, పోటీని ఆపడం ఆయన చేతిలోనే ఉంటాయి.

అమెరికాలో అమలయ్యే ఉమ్మడి నిబంధనల ప్రకారం, ఉద్దేశపూర్వకంగా చేసిన తప్పువల్ల ప్రత్యర్థి గాయపడినా పోటీ కొనసాగితే రెండు పాయింట్లు తప్పనిసరిగా కోయాలి. ఆ గాయంతో పోటీ అక్కడికక్కడే ఆగిపోతే, తప్పు చేసిన వ్యక్తి అనర్హుడవుతాడు. కావాలని చేశాడా, పొరపాటున జరిగిందా అన్నది తేల్చాల్సింది మాత్రం రెఫరీయే.

ఇద్దరు రెఫరీలు, రెండు రాత్రులు

‘లైగర్’ సినిమాతో తెలుగు ప్రేక్షకులకూ కనిపించిన మైక్ టైసన్, 1997 జూన్ 28న లాస్ వేగాస్‌లో ఇవాండర్ హోలీఫీల్డ్ చెవి కొరికారు. రెఫరీ మిల్స్ లేన్ మొదట రెండు పాయింట్లు కోసి పోటీని కొనసాగనిచ్చారు. టైసన్ రెండో చెవినీ కొరకడంతో ఆయన్ను అనర్హుడిగా ప్రకటించారు. తర్వాత నెవాడా కమిషన్ టైసన్ లైసెన్సును రద్దు చేసి, 30 లక్షల డాలర్ల జరిమానా విధించింది.

2015 అక్టోబరు 17న వర్జీనియాలో జరిగిన పోటీ అలా ముగియలేదు. 23 ఏళ్ల ప్రిచర్డ్ కొలోన్, టెరెల్ విలియమ్స్ తన తల వెనుక కొడుతున్నారని రెఫరీకి పదేపదే చెప్పుకొన్నారు. ఏడో రౌండ్‌లో విలియమ్స్‌కు ఒక పాయింటు కోత పడింది, పోటీ మాత్రం కొనసాగింది. తొమ్మిదో రౌండ్ తర్వాత, పోటీ ముగిసిందనుకున్న కొలోన్ సహాయకులు ఆయన గ్లోవ్స్ విప్పడంతో కొలోనే అనర్హుడయ్యారు. ఆ రాత్రే మెదడులో రక్తస్రావం జరిగి కొలోన్ కుప్పకూలారు. ఏడు నెలలకు పైగా కోమాలో ఉన్నారు. ఆయన మళ్లీ రింగులోకి రాలేదు.

ఫలితాన్ని తర్వాత మార్చలేరా?

2012 జూన్‌లో మానీ పకియావోపై టిమోతీ బ్రాడ్లీ గెలిచినట్లు ఇద్దరు జడ్జీలు తీర్పు ఇచ్చారు. విమర్శలు చెలరేగడంతో డబ్ల్యూబీవో నియమించిన అయిదుగురు జడ్జీలు వీడియో చూసి, పకియావోయే గెలిచారని ఏకగ్రీవంగా చెప్పారు. అయినా ఫలితం మారలేదు. లండన్‌లో వికాస్ ఫలితం మారింది దాదాపు రెండు నెలల తర్వాతే.

నిజామాబాద్ నుంచి వచ్చిన ప్రశ్న

నిష్పాక్షికత రింగులోకి అడుగుపెట్టక ముందే మొదలవుతుందని తెలుగువారికి గుర్తుచేసిన క్రీడాకారిణి నిఖత్ జరీన్. ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌ను ట్రయల్ లేకుండా పంపే ఆలోచన వచ్చినప్పుడు, తనకూ అవకాశం ఇవ్వాలని కోరుతూ 2019 అక్టోబరులో ఆమె కేంద్ర క్రీడల మంత్రికి లేఖ రాశారు. డిసెంబరు 28న ఢిల్లీలో ట్రయల్ జరిగింది. మేరీ కోమ్ 9-1తో గెలిచారు. తెలంగాణ సంఘం ప్రతినిధులు తీర్పును నిరసించారు. నిఖత్ మాత్రం తిరిగి సాధనలో పడి, 2022లోనూ 2023లోనూ ప్రపంచ చాంపియన్ అయ్యారు.

ఓడిపోయినవారు మళ్లీ గెలవగలరు. రద్దయిన పతకం మరో పోటీలో దక్కవచ్చు. తల వెనుక తగిలిన దెబ్బకు మాత్రం పునఃపరిశీలన లేదు.

నిజామాబాద్‌లోనైనా, తెలుగు కుటుంబాలు బతుకుతెరువు కోసం స్థిరపడిన సూరత్‌లోనైనా, దాని శివార్లలోని కామ్‌రేజ్‌లోనైనా పిల్లలు తొలి పాఠాలు నేర్చుకునే చిన్న రింగుల్లో సాధారణంగా రీప్లే ఉండదు, అప్పీలు వినే కమిటీ ఉండదు. అక్కడ బాక్సర్‌కు ఉన్న రక్షణ రెఫరీ ఒక్కరే. మొదటి తొండి దెబ్బకే ఆయన పోటీని ఆపి హెచ్చరిస్తే, రెండోది పడకుండా ఆగే అవకాశం ఉంటుంది.