'అది' నుంచి 'నేను' దాకా

మా నాయనమ్మను మేం 'అవ్వ' అనేవాళ్లం. కొల్లాపూర్ చుట్టుపక్కల చేలల్లో, మామిడితోటల్లో కూలికి పోయి బతికింది. ఆమె చనిపోయిన మూడోరోజు, ఆమె ఏళ్ల తరబడి కలుపు తీసిన చేను పటేలు దారిలో ఎదురై మా నాన్నతో "అది పోయిందంట గద, మస్తు కష్టం జేసేది" అన్నాడు. ఆయన గొంతులో నిజంగానే బాధ ఉంది. "అవును పటేలా" అన్నాడు మా నాన్న. పక్కనే ఉన్న నాకు మాత్రం ఆ 'అది' ముల్లులా గుచ్చుకుంది. అంతకుముందు అదే పటేలు, తన దగ్గర జీతం ఉన్న ముసలాయన చనిపోతే "వాడు పోయిండు" అన్నాడు. 'వాడు' గౌరవమేమీ కాదు. కానీ వాడు మనిషి. 'అది' మనిషే కానక్కర్లేదు, గొడ్డయినా కావచ్చు, గొడ్డలైనా కావచ్చు.

అప్పటికే నేను డిగ్రీ పిల్లలకు తెలుగు వ్యాకరణం చెబుతున్నాను. 1858లో అచ్చయిన చిన్నయసూరి బాలవ్యాకరణం మాకు ప్రామాణికం. పురుషుల్ని చెప్పే మాటలు మహత్తులు, అంటే గొప్పవి. పశుపక్ష్యాదులు, ప్రాణం లేనివి అమహత్తులు. మరి స్త్రీలు? ఒక్కతిగా ఉంటే క్రియ అమహత్తులాగే ఉంటుంది: ఆవు వచ్చింది, బండి వచ్చింది, ఆమె వచ్చింది. పదిమంది కలిస్తే మగవాళ్లతో సమానం: వాళ్లు వచ్చారు. ఏళ్ల తరబడి ఈ సూత్రాన్ని బోర్డు మీద రాసి, ఉదాహరణలు చెప్పి, పరీక్షలో మార్కులు వేశాను. అందులో మా అవ్వ ఉందని ఎన్నడూ తట్టలేదు.

ఇది చిన్నయసూరి చేసిన పని కాదు. ఆయన ఉన్నదానికి పేర్లు పెట్టాడు. మగవాళ్లు ఒకవైపు, మిగతా లోకమంతా ఒకవైపు అనే విభజన మూలద్రావిడంలోనే ఉందనీ, తమిళ, కన్నడాల్లోని ప్రత్యేక స్త్రీరూపాలు తర్వాత ఏర్పడినవనీ భద్రిరాజు కృష్ణమూర్తి నిర్ణయించారు. తమిళంలో అవన్, అవళ్, అదు వేర్వేరు. కన్నడంలోనూ అంతే. గోండిలో బహువచనంలో కూడా స్త్రీలు మగవాళ్లతో కలవరు. అయితే 'అవళు' అనే మాట ఉన్నంతమాత్రాన కన్నడ స్త్రీలు మనకన్నా స్వేచ్ఛగా బతికారని ఎవరూ అనలేరు. వ్యాకరణం ఒక్కటే మనల్ని అణచలేదు. ఉన్న వ్యాకరణాన్ని ఎవరు ఎవరిమీద ఎలా వాడారన్నదే ప్రశ్న.

కొల్లాపూర్ సంస్థానాధీశుల ఊరు. అక్కడ ఈ వాడకం స్పష్టంగా కనిపించేది. దొరసాని 'వచ్చిండ్రు', టీచరమ్మ 'వచ్చిండ్రు'. కూలికొచ్చిన అవ్వ 'వచ్చింది'. ఏకవచనంలో ఆడదానికి దొరకని మనిషితనం గౌరవ బహువచనంలో దొరుకుతుంది. ఆ బహువచనాన్ని కులమూ, ఆస్తీ, చదువూ చూసి పంచుతారు. లేనివాళ్లలో మగవాడికి కనీసం 'వాడు' మిగులుతుంది. అదీ మిగలనిది ఆడదానికే.

పైమెట్టు మీద ఉన్నవాళ్లకైనా భాష తేలిగ్గా లొంగలేదు. 13వ శతాబ్దిలో ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి ఎన్నో శాసనాల్లో 'రుద్రదేవ మహారాజు'. ఏలాలంటే పేరులో కూడా మగవాడు కావాల్సి వచ్చింది. 'సాని' అనే మాట 'స్వామిని' నుంచి వచ్చింది. కొల్లాపూర్ గుడిలో మాధవస్వామి ఈనాటికీ స్వామే. సాని మాత్రం దొర పక్కన చేరితేనే గౌరవం, విడిగా అంటే తిట్టు. భర్త పోయిన 'విధవ' నోళ్లలో నాని 'వెధవ' అయింది. మగవాణ్ణి తిట్టాలన్నా ఆమె దుఃఖమే కావాలి. భార్య పోయిన 'విధురుడు' ఎవరికీ తిట్టు కాలేదు. స్త్రీల సామర్థ్యాన్ని చాటడానికి భండారు అచ్చమాంబ 20వ శతాబ్ది మొదట్లో వెలువరించిన జీవితచరిత్రల సంపుటానికి కూడా 'అబలా సచ్చరిత్ర రత్నమాల' అనే పేరే పెట్టారు. బలం లేనిదని చెప్పే మాటతోనే బలవంతుల కథలు మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఈ వ్యాసం మొదట్లో నేను కూడా 'బతికింది' అనే రాశాను. 'బతికారు' అని రాసి చూశాను. గౌరవం వచ్చింది గానీ అవ్వ దూరమైంది, ఎవరో పెద్దింటావిడలా అనిపించింది. కొట్టేశాను. దగ్గరితనమూ మనిషితనమూ రెండూ ఉన్న క్రియ ఒంటరి స్త్రీకి మన భాషలో లేదు.

కానీ ఒకచోట ఉంది. నిజాం రాజ్యంలో అధికారభాష అయిన ఉర్దూలో మగవాడు 'మై ఆయా' అంటే ఆడది 'మై ఆయీ' అనాలి. తెలుగులో 'నేను వచ్చాను' అనడానికి ఆడామగా తేడా లేదు. మన గురించి ఇంకొకరు మాట్లాడినప్పుడే మనం గొడ్డూ గొడ్డలీ వరసలో చేరతాం. మనం నోరు విప్పిన క్షణాన ఆ వరసలో ఉండం. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలు తమ కథలు తామే చెప్పారు. చరిత్ర పుస్తకాల్లో వాళ్లు అప్పటిదాకా ఎక్కడో ఒక మూల కనిపించేవారు. ఇక్కడ వాళ్లే 'నేను' అన్నారు. ఆ పుస్తకం చేసిన అనేక పనుల్లో వ్యాకరణానికి సంబంధించిన ఈ పనిని కూడా లెక్కించాలి.

అవ్వ చివరి రోజుల్లో చెప్పిన కొన్ని మాటలు నా దగ్గర ఒక నోటుబుక్కులో ఉన్నాయి. కరువులో ఏం తిన్నదీ, కూలిరేటు కోసం పటేలుతో ఎలా కొట్లాడిందీ చెప్పింది. "నేను అడిగిన. నేను కూసున్న. నేను లేవలే." మళ్లీ తీసి చదివాను. ఏడు పేజీల్లో తన గురించి చెప్పుకున్నచోట ఒక్క 'అది' కూడా లేదు. ఆ ఏడు పేజీలు ఇంకా ఎక్కడా అచ్చు కాలేదు. ముందుగా చెయ్యాల్సిన పని అదేనని ఇప్పుడు అనిపిస్తోంది.