మృతుల పేర్లు, కథకుడి హద్దులు: ‘కాలా జల్’ నవలను తరగతిలో చదవడం

నవలను పాఠంగా చెప్పేటప్పుడు సంఘర్షణను నాలుగు గళ్లలో సర్దేయడం మనకు అలవాటు: మనిషికీ మనిషికీ, మనిషికీ ప్రకృతికీ, మనిషికీ సమాజానికీ, మనిషికీ తన మనసుకీ. కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’ ఈ పద్ధతికి సులువుగానే లొంగుతుంది. పందులు కాచే ముసలివాడు, అడవి, రాత్రి. ఎవరు దేనితో తలపడుతున్నారో విద్యార్థి ఇట్టే చెప్పేస్తాడు. బస్తర్ గడ్డ మీద పుట్టిన హిందీ నవల ‘కాలా జల్’ (1965) దగ్గర ఈ గళ్లు చాలవు.

రచయిత గుల్‌షేర్ ఖాన్ షానీ (1933–1995) జగదల్‌పూర్ మనిషి. బస్తర్ అనగానే తెలుగు పాఠకుడికి అడవీ తుపాకీ గుర్తుకొస్తాయి. ఈ నవలలో కథను నడిపేది ఆ రెండూ కావు. ఆ ఊళ్లోని దిగువ మధ్యతరగతి ముస్లిం కుటుంబాల మూడు తరాల బతుకు. అబూజ్‌మాడ్ ఆదివాసుల గురించి షానీ రాసిన ‘శాల్ వనోం కా ద్వీప్’లో కథకుడు బయటినుంచి వచ్చి చూసిపోయేవాడు. ‘కాలా జల్’ కథకుడు బబ్బన్ ఆ ఇళ్లలో తిరిగి పెరిగిన పిల్లవాడు.

షబ్-ఎ-బరాత్ నాడు బబ్బన్ మేనత్త ఇంట్లో మృతుల కోసం ఫాతిహా ప్రార్థన చదవడానికి కూర్చుంటాడు. చనిపోయినవాళ్ల పేర్లు ఒకటొకటిగా వస్తాయి; ఒక్కో పేరు వెంట ఒక్కో జీవితం. మిర్జా కరామత్ బేగ్, బీ దరోగిన్, రజ్జూ మియా... వీళ్లెవరూ ఇప్పుడు లేరని పాఠకుడికి ముందే తెలుసు. కాబట్టి ‘తర్వాత ఏమవుతుంది’ అన్న ఉత్కంఠకు చోటు లేదు. ‘ఇలా ఎందుకైంది’ అన్నదే మిగులుతుంది. సంఘర్షణ ఘటనల్లోంచి జ్ఞాపకంలోకి మారడానికి కారణం ఈ ఏర్పాటే. మధ్యలో కథనం కాస్త సాగుతుంది, కాదనలేం.

అసలు విశేషం బబ్బన్‌కు తెలిసిన, తెలియని సంగతుల్లో ఉంది. తాను పుట్టకముందు ఆ ఇంట్లో జరిగినవాటిని అతను కళ్లారా చూసినట్టే చెబుతాడు, అదంతా వినికిడే. తన కళ్లముందు తిరిగిన మేనత్త కూతురు సల్లో ఆపా ఎలా చనిపోయిందో మాత్రం తేల్చి చెప్పలేడు. పెద్దలు గుట్టుగా దాచారు, పిల్లలకు అనుమానమే దక్కింది. ఆడపిల్ల మీద ఆ ఇంటి పెత్తనం ఎంతదో ఏ వాగ్వాదం కంటే ఈ ఖాళీయే గట్టిగా చెబుతుంది. దీన్ని ‘వ్యక్తికీ సమాజానికీ’ అన్న గడిలో వేస్తే మార్కులు రావచ్చు గానీ, సల్లో కథను ఎవరు ఆపేశారన్న ప్రశ్న జారిపోతుంది.

అందుకే ‘సంఘర్షణ ఎవరెవరి మధ్య?’ కంటే ముందు ‘ఈ సంగతి కథకుడికి ఎలా తెలిసింది?’ అని అడగాలి. కేశవరెడ్డి నవలకూ ఆ ప్రశ్న వేయవచ్చు. ఆ రాత్రి అడవిలో ముసలివాడి పక్కన మరో మనిషి లేడు. అయినా కథనం అతని మనసులో మాటలన్నీ చెబుతుంది. సల్లో విషయంలో బబ్బన్‌కు దక్కని చనువు అది.