ధాత కరువు నుంచి తెర మీది పాఠం దాకా

ప్రత్యేక సంచికకు మన జిల్లా వైద్య చరిత్ర గురించి నాలుగు మాటలు రాయమని కార్యదర్శిగారు కోరారు. ఆరోగ్య శాఖలో పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక కాదనలేకపోయాను.

విపత్తు వైద్యం అనగానే 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన వంటివి గుర్తుకొస్తాయి. మన అనంతపురం విపత్తు ఒక్క రాత్రిలో వచ్చిపడేది కాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన ఎప్పుడు మొహం చాటేస్తుందో తెలియదు. చేను ఎండుతుంది, పశువులు సంతకు పోతాయి, మనుషులు బెంగుళూరు దారి పడతారు. జబ్బులు ఆ వెనుక మెల్లగా వస్తాయి.

పెద్దలు ధాత కరువని చెప్పుకునే 1876-78 క్షామం నాటికి మనం బళ్లారి జిల్లాలోనే ఉన్నాం. అనంతపురం జిల్లా ఏర్పడింది 1882లో. కరువు పనులకు వచ్చిన కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి చిల్లర చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించారు. పౌనంటే అరకిలో కన్నా తక్కువే! రాళ్లు కొట్టే మనిషికి అది ఏ మూలకు? మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ అదే అడిగారు. ఒకటిన్నర పౌన్లు, తోడుగా పప్పు, కూర ఉండాలని పట్టుబట్టారు. తరువాత ప్రభుత్వం ఒకటింపావు పౌనుకు, కొంత పప్పుకు దిగివచ్చింది. ఈలోగా పోయిన ప్రాణాలు పోనే పోయాయి. 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నిబంధనావళి వచ్చాయి. నన్నడిగితే వైద్య విద్యార్థులకు ముందుగా చెప్పవలసింది కార్నిష్ వాదమే.

మన ఊళ్లో ప్రభుత్వ వైద్య కళాశాల 2000లో వచ్చింది. 2020 మార్చిలో కరోనా వల్ల దేశమంతటా కళాశాలలు మూతపడి పాఠాలు ఫోన్లలోకి ఎక్కాయి. ఆ ఆగస్టులోనే భారత వైద్య మండలి మహమ్మారి నిర్వహణను ఎం.బి.బి.ఎస్. పాఠ్యాంశాల్లో చేర్చింది. వైద్యం చదువుతున్న మా మనుమరాలు ఇంట్లో పాఠం వింటుంటే పక్కన కూర్చుని నేనూ విన్నాను. క్షతగాత్రులకు తీవ్రతను బట్టి ఎర్ర, పసుపు, పచ్చ, నల్ల చీటీలు కట్టడం బొమ్మలతో చక్కగా చూపారు. మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీళ్ల లెక్కా చెప్పారు. లెక్కలు నేర్పడానికి తెర మంచిదే, ఒప్పుకుంటాను.

కానీ పసిబిడ్డ పాదాలను బొటనవేళ్లతో మూడు సెకన్లు నొక్కి, గుంట నిలిచిందేమో చూడటం తెర మీద వచ్చే విద్య కాదు. భుజానికీ మోచేతికీ నడుమ టేపు చుడితే 11.5 సెంటీమీటర్లకు తగ్గిన బిడ్డ ప్రమాదంలో ఉన్నట్టు. టేపు బిగిస్తే ఒక అంకె, వదిలేస్తే ఒక అంకె. ఆ పట్టు ఎంత ఉండాలో పక్కింటి పిల్లవాడి చేతి మీద మా మనుమరాలికి నేనే చూపించాను.